విప్పుడెక్కడ

అంకీస కల్లంలో మే నెల సాయంత్రం.
ఏడు కాగితాలు పరిచాను, ఏడు తెరలు.
ప్రాణహిత మీది గాలి మూడో తెరను లేపుకుపోతే
దుర్గం సడవలి ఉరికి పట్టుకొచ్చి
ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టాడు.
నాగపూర్‌లో మేం వేసుకున్న ప్లానులో
రాళ్ళ ఊసే లేదు.

"పరీక్ష మీకు కాదు, ఈ కాగితానికి"
నేర్చుకొచ్చిన మాట అప్పజెప్పాను.
"పరీచ్చ అంటేనే దడ బిడ్డా" అంది జాడి బుచ్చక్క.
తునికాకు తెంపి తెంపి బెరడు కట్టిన వేళ్ళు.
ఆ వేళ్ళను ఫోను గుర్తుపట్టదని పొద్దుననే తేలింది,
అందుకే కాగితం.

"మనసులో అనుకునేది పైకి అనండి" అన్నాను.
అంది.
మేకపిల్లకు నీళ్ళు పెట్టి రాలేదని,
మున్షీ ఇయ్యాల ఎన్ని కట్టలు కొట్టేస్తడోనని,
నా చెవులకు కమ్మలేవని.
అంతా రాసుకున్నాను. ఏది పనికొస్తుందో
ముందే తెలిస్తే ఇంత దూరం రావడమెందుకు?

నాలుగో తెర దగ్గర ఆగింది.
అడుగున ఆకుపచ్చ బొత్తం, మీద మరాఠీలో "జమా కరా".
పంపండి, అని మా ఉద్దేశం.
బుచ్చక్కది మూడేండ్ల మరాఠీ బడి,
తక్కిన బతుకంతా తెలుగు.
కూడబలుక్కుంటే ముఖం వెలిగింది:
"జమ అయినయా? పైసలు పడ్డయా?"

ఆ బొత్తం మీది మాట రాసింది నేనే.
బల్లార్షా కాగితం మిల్లు క్వార్టర్లలో పెరిగిన తెలుగుదాన్ని,
రెండు జమలూ తెలుసు నాకు.
నా లోపల అవి ఒకదాన్నొకటి
ఎన్నడూ ఎదురుపడలేదు, అంతే.

జవాబు నాలిక చివరిదాకా వచ్చింది.
మా పనిలో అన్నిటికన్నా కష్టమైన పద్ధతి ఇదే,
తెలిసీ నోరు కట్టేసుకోవడం.
అరచేయి తొడ కింద పెట్టుకుని కూచున్నాను.
ఆమె బొత్తం నొక్కింది. మళ్ళీ నొక్కింది.
కాసేపాగి, నన్నే ఓదారుస్తున్నట్టు
"నాకు రాదు బిడ్డా" అంది.

ఎవరు "నాకు రాదు" అన్నా
నోటుబుక్కు మార్జిన్‌లో నా పేరు రాసుకుంటాను.
ఆ సాయంత్రం ఐదుగురితో కూచుంటే
నా పేరు పదకొండుసార్లు.
మడావి జంగుబాయి మాత్రం రాదనలేదు.
ఎర్రక్షరాల తెర చూసి, ఎవరికి కోపమొచ్చిందని అడిగింది.

మసక కమ్ముతుంటే బుచ్చక్క
కొంగులోంచి ఓ నార తాడు తీసింది.
నూరు కట్టలకో ముడి, ఇప్పటికి పద్నాలుగు.
పలచన అని మున్షీ కొట్టేసినవి నూరు నిండితే
ఒక ముడి విప్పుతుంది.
నా ఏడు తెరలనూ రాళ్ళతో సహా
ఇంకోసారి పరికించి అడిగింది:
"ముడి ఏసుడు మంచిగనే జూపినవ్.
విప్పుడెక్కడ?"

వెతికాను.
ఎవరో కొట్టేసింది ఆమెకు కనబడే చోటు,
కాదని ఆమె వెనక్కి తిప్పే చోటు,
ఏడింట్లో ఎక్కడా గీయలేదు.

రాత్రి సిరొంచ లాడ్జి మేడ మీద కాల్.
ఫోను నది దాటి తెలంగాణ టవర్‌ను పట్టుకుంది.
"జమ" మార్చడానికి వెంటనే ఒప్పుకున్నారు,
మాట మార్చడం చవక.
ముడి సంగతికొస్తే, "అది ఎడ్జ్ కేసు,
తర్వాతి వెర్షన్‌లో చూద్దాం."
ఎడ్జ్ అంటే అంచు కదా,
ఇక్కడ ఊళ్ళకూళ్ళే అంచు మీద ఉన్నాయని చెప్పబోయాను.
లైను తెగింది.

పసుపు చీటీ మీద ఆమె మాట రాసి గోడకు అంటిస్తే
సున్నంతో సహా రాలిపోయింది.
కాగితాల మధ్య పొరపాటున నాతో వచ్చేసిన
సడవలి గులకరాయి ఒకటుంది.
చీటీని బల్ల మీద పరిచి
దాని మీద రాయి పెట్టాను.
ఫ్యాను తిరుగుతోంది.